బండి కదిలితేనే బతుకు.. కదిలితే ఇంటికి దూరం

లారీ డ్రైవరు కుటుంబాల్లో అన్ని బరువులూ ఇల్లాలి మీదే
చట్టంలో 8 గంటల పని.. రహదారిపై లెక్కలేని పని
ప్రమాదం జరిగితే చేతిలో కాగితం లేని దుస్థితి

విజయవాడ: నందిగామ శివారున హైదరాబాద్ జాతీయ రహదారి పక్కన రాత్రి వేళ సిమెంటు లారీ ఒకటి ఆగుతుంది. ఇంజను మాత్రం ఆగదు. అప్పటికే ద్విచక్రవాహనంపై వచ్చి ఎదురుచూస్తున్న ఇల్లాలు క్యారేజీని, ఉతికి మడతపెట్టిన రెండు జతల దుస్తులను అందిస్తుంది. ఆమె వెంట వచ్చిన పిల్లవాడు కాసేపు స్టీరింగు ముందు కూర్చుంటాడు. అంతా కలిపి పది నిమిషాలు. ఆ తరువాత మాసిన బట్టల సంచి ఇంటికి, లారీ విశాఖపట్నం వైపు సాగిపోతాయి. ఇల్లు అక్కడికి రెండు కిలోమీటర్లే అయినా ఆ ఇంటి యజమాని గడప తొక్కి పదిహేను రోజులై ఉంటుంది.

ఉమ్మడి కృష్ణా జిల్లాలో జాతీయ రహదారుల వెంబడి ఉన్న ఊళ్లవారికి ఈ దృశ్యం కొత్త కాదు. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ నంబరు రహదారి, హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు రహదారి కలిసేది విజయవాడలోనే. 1960లలో ఏర్పడిన ఆటోనగర్ చుట్టూ బాడీ బిల్డింగు, పెయింటింగు, టైర్లు, స్ప్రింగు కట్టల పనులతో పెద్ద పరిశ్రమే వెలసింది. మైలవరం, తిరువూరు, జగ్గయ్యపేట ప్రాంతాల పల్లెల్లో తండ్రి తరువాత కొడుకు స్టీరింగు పట్టిన కుటుంబాలు అనేకం. లారీల సంఖ్య, కిరాయిల హెచ్చుతగ్గులు, డీజిలు ధర తరచూ చర్చకు వస్తాయి. డ్రైవరు ఇంట్లో ఏం జరుగుతోందన్నది మాత్రం అరుదుగా వినిపించే మాట.

దగ్గరే ఉన్నా వెళ్లలేరు

డ్రైవరు ఇంటికి దూరంగా ఉండడానికి దూర ప్రయాణమే కారణమని సాధారణంగా అనుకుంటారు. అది సగం నిజమే. బండి నడిచే సమయం కన్నా నిలిచి ఉండే సమయమే అనేక ట్రిప్పుల్లో ఎక్కువ. కర్మాగారం ముందు సీరియలు కోసం ఒక రోజు, లోడు ఎత్తాక కాటా వద్ద కొన్ని గంటలు, నగరంలోకి పగటిపూట భారీ వాహనాలను అనుమతించకపోతే శివారులో చీకటి పడేదాకా, సరుకు దించే చోట హమాలీలు వచ్చేదాకా.. ఇలా నిరీక్షణే ఒక ఉద్యోగంగా మారుతుంది. ఆ సమయంలో డ్రైవరు చేసే పనేమీ ఉండదు. అయినా బండిని వదలి కదలరాదు. డీజిలు ట్యాంకు, బ్యాటరీ, స్టెప్నీ టైరు, పైన కప్పిన పట్టా.. వీటిలో ఏది పోయినా లెక్క డ్రైవరే చెప్పాలి. సరుకు తక్కువైతే ఆ తేడా కూడా అతని కిరాయి లెక్కలోనే పడుతుంది.

పూర్వం ఈ కాపలాకు క్లీనరు ఉండేవాడు. డ్రైవరు ఓ పూట ఇంటికి వెళ్లివస్తే క్లీనరు బండిలో పడుకునేవాడు. కుర్రవాడు అద్దాలు తుడవడంతో మొదలుపెట్టి, తాళ్లు కట్టడం, టైరు మార్చడం నేర్చి, ఖాళీ రోడ్డు మీద స్టీరింగు పట్టి, కొన్నేళ్లకు డ్రైవరయ్యేవాడు. ఖర్చులు పెరిగి, కిరాయిలు అంతగా పెరగక, యజమానులు మొదట తగ్గించుకున్నది ఆ రెండో మనిషినే. నేడు అనేక బండ్లు ఒంటరి డ్రైవరుతో నడుస్తున్నాయి. కొత్త డ్రైవర్లు దొరకడం లేదని యజమానులు వాపోతున్నారు గానీ, డ్రైవరును తయారుచేసే బడి క్యాబిన్‌లోనే ఉండేదని, దాన్ని మూసినది కూడా తామేనని ఒప్పుకునేవారు తక్కువ. క్లీనరు పోవడంతో డ్రైవరుకు ఇంటికి వెళ్లివచ్చే ఆ ఒక్క పూట కూడా పోయింది.

ఊళ్లకు బైపాస్‌లు పడిన కొద్దీ మరో మార్పు వచ్చింది. లారీ ఊరి మధ్య నుంచి వెళ్లే రోజుల్లో హారను విని పిల్లలు వీధి చివరకు పరుగెత్తేవారు. ఇప్పుడు బండి ఊరికి దూరంగా వెళ్లిపోతోంది. కలవాలంటే కుటుంబమే వాహనం వేసుకుని రహదారి మీదకు రావాలి.

గంటకు కాదు.. ట్రిప్పుకు జీతం

డ్రైవరుకు యజమాని ఇచ్చేది చాలావరకు ట్రిప్పు లెక్కనే. కొందరికి నెల జీతం, దానిపై రోజు బత్తా. మరికొందరికి కిరాయిలో వాటా. ఏ పద్ధతిలోనైనా నెలలో ఎన్ని ట్రిప్పులు పడితే ఇంటికి అంత రాబడి. బండి మరమ్మతుకు షెడ్డులో నిలిస్తే, తిరుగు లోడు దొరకక పరాయి ఊరిలో నాలుగు రోజులు హాల్టు పడితే ఆ నెల ఇల్లు నడవడం కష్టం. కాబట్టి ఇంట్లో గడిపిన ప్రతి రోజూ డ్రైవరు దృష్టిలో ఒక రోజు నష్టమే. భార్య ఉండమని అడగలేదు, అతడు ఉంటానని చెప్పలేడు. ఈ కుటుంబాల్లో తగవుకు మూలం తరచూ ఇదే.

స్వయంగా లారీ కొనుక్కుని నడుపుకొనే వారి పరిస్థితి ఇంకా క్లిష్టం. వారిపై అజమాయిషీ చేసే యజమాని లేడు గానీ నెల తిరిగేసరికి ఫైనాన్సు వాయిదా వస్తుంది. దాని వెనుక బీమా, పన్ను, ఫిట్‌నెస్ గడువులు వరుసలో ఉంటాయి. బడి ఫీజు జూన్‌లో ఒక్కసారిగా కట్టాలి. రాబడి మాత్రం ట్రిప్పు ట్రిప్పుకూ చిల్లరగా వస్తుంది. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే బాధ్యత ఇల్లాలిది. గోడ క్యాలెండరులో పాల లెక్క పక్కనే ఏ తేదీన బండి బయలుదేరింది, ఎంత అడ్వాన్సు ముట్టింది, ఎంత రావాలి అని రాసుకునే ఇళ్లు కనిపిస్తాయి. ఆ క్యాలెండరు ప్రస్తావన ఈ కథనం చివర మళ్లీ వస్తుంది.

పంటల కాలం కూడా కుటుంబానికి ఎదురే. పిల్లలకు వేసవి సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే నూజివీడు మామిడి మార్కెట్లు ఊపందుకుంటాయి. కాయ మాగిపోయేలోగా ఉత్తరాదికి చేరాలి. కొల్లేటి తీరం నుంచి హావ్‌డా, గువాహటి వెళ్లే చేపల బండ్లకు ఆ పాటి విరామం కూడా ఉండదు. పెట్టెల్లో ఐసు కరిగేలోగా గమ్యం చేరాలి కనుక వాటిలో ఇద్దరు డ్రైవర్లు వెళతారు. ఒకరు నడుపుతుంటే మరొకరు కదిలే బండిలోనే నిద్రపోతారు. ఆ నిద్ర ఏపాటిదో అనుభవించిన వారికే తెలుసు.

చట్టం చెప్పే గంటలు

డ్రైవరు పని గంటలపై చట్టం లేక కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని నిర్దేశించింది. ఏకధాటిగా 5 గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని, విరామాలతో కలిపి రోజు పని 12 గంటల వ్యవధి దాటరాదని, వారానికొక సెలవు ఉండాలని పేర్కొంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 91వ సెక్షను సైతం రవాణా వాహనాల డ్రైవర్లకు ఈ గంటలనే వర్తింపజేసింది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి రావడంతో 1961 చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి వచ్చింది. అందులోనూ రోజుకు 8 గంటలే.

చిక్కంతా వర్తింపులో ఉంది. పాత చట్టం ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న రవాణా సంస్థలకే వర్తించేది. కొత్త స్మృతిలో ఆ సంఖ్య పదికి పెరిగింది. మన జిల్లాల్లో ఒకటి రెండు లారీలున్న యజమానులే అధికం. వారి వద్ద పనిచేసే డ్రైవరు ఈ లెక్కల్లోకి రాడు. వచ్చినా పెద్ద తేడా ఉండదేమో. ట్రిప్పుకు జీతమిచ్చే చోట గంటలు లెక్కపెట్టాలన్న ఆసక్తి యజమానికీ ఉండదు, డ్రైవరుకూ ఉండదు.

ఒక చిన్న లెక్క చూస్తే పరిస్థితి తేటతెల్లమవుతుంది. విజయవాడ నుంచి కోల్‌కతా సుమారు 1,200 కిలోమీటర్లు. లోడు బండి సగటున గంటకు 40 కిలోమీటర్లు నడిచిందనుకుంటే 8 గంటల్లో 320 కిలోమీటర్లు సాగుతుంది. అంటే చట్టం ప్రకారం నడిపితే ఒంటరి డ్రైవరుకు దాదాపు నాలుగు రోజుల ప్రయాణం. జీఎస్టీ కింద సరుకుతో పాటు ఉండవలసిన ఈ-వే బిల్లు ఇంతకన్నా ఉదారం. 2020 చివరి వరకు ప్రతి 100 కిలోమీటర్లకు ఒక రోజు గడువిచ్చిన ఆ నిబంధనను 2021 జనవరి 1 నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజుగా మార్చారు. అలా చూసినా కోల్‌కతాకు ఆరు రోజులు. కాగితం తొందరపెట్టడం లేదు, తొందరపెట్టేది సరుకు పార్టీయే. మూడో రోజు ఉదయానికి బండి గోదాము ముందుండాలని గడువు పెడతారు. దానికి ఒప్పుకోని బండికి తరువాతి లోడు రాదు. ఆ తేడాను డ్రైవరు తన నిద్రలో నుంచే తీసి కడుతున్నాడు.

ఫోను వచ్చింది.. మనిషి రాలేదు

సెల్‌ఫోన్లు రాక ముందు ఇంటి కబురు తెలియాలంటే డ్రైవరు దారిలో ఎస్‌టీడీ బూత్ వెతుక్కుని పక్కింటికి ఫోను చేసేవాడు. వారు పిలుచుకువచ్చేదాకా మీటరు తిరుగుతుంటే ఎదురుచూసేవాడు. ఆ తరువాత మిస్డ్ కాల్ కాలం వచ్చింది. ఒక మిస్డ్ కాల్ వస్తే క్షేమంగా ఉన్నట్టు, రెండు వస్తే ఫోను చేయమన్నట్టు. ఇప్పుడు బండి ఎక్కడుందో తెరపై కనిపిస్తోంది. రాత్రి దాబా వద్ద మంచం మీద కూర్చుని పిల్లల హోంవర్కు చూసే తండ్రులున్నారు. ఇది నిస్సందేహంగా మేలే.

అయితే అదే ఫోను బండి నడిపే వేళ మోగితే ప్రాణాంతకం. ఇంట్లో గొడవ, పిల్లవాడి జ్వరం, అప్పులవాడి రాక వంటి కబురు విన్న తరువాత అతని కన్ను రోడ్డు మీద ఉన్నా మనసు ఉండదు. అనుభవజ్ఞులైన డ్రైవర్ల ఇళ్లలో దీనికొక కట్టుబాటు ఉంటుంది. ఇంటి నుంచి ఫోను చేయరు. అతడు బండి ఆపినప్పుడు అతడే చేస్తాడు. కష్టమైన విషయమైతే భోజనం ముగిసి, విశ్రాంతికి ఆగాడని తెలిసిన తరువాతే చెబుతారు. చెప్పకుండా దాచినవీ ఎన్నో. ఇంట్లో పెద్ద దిక్కు కన్నుమూసిన వార్త అస్సాంలో ఉన్న డ్రైవరుకు ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది తోబుట్టువులు కూర్చుని తర్జనభర్జన పడే విషయమవుతుంది. చెప్పినా అతడు వెంటనే బయలుదేరలేడు. బండినీ సరుకునూ మరొకరికి అప్పగించాలి. ఆ మరొకరు ఆ రాష్ట్రంలో దొరకాలి.

తండ్రి ఇంటికి వచ్చినప్పుడు పిల్లలు చనువుగా దగ్గరకు రాకపోవడం మరో బాధ. ఇంటి పద్ధతులన్నీ తల్లి ఏర్పరచినవి. నెలకు మూడు రోజులుండే తండ్రి వాటిలో జోక్యం చేసుకుంటే పిల్లలకు నచ్చదు, చేసుకోకపోతే అతనికి తన ఇంట్లోనే చుట్టంలా అనిపిస్తుంది. సంక్రాంతికి మాత్రం చాలామంది పట్టుబట్టి ఇల్లు చేరతారు. ఆ నాలుగు రోజులు ఆటోనగర్‌లో ఆగి ఉన్న బండ్ల వరుసలే ఇందుకు సాక్ష్యం. దసరాకు బండి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి తొక్కించే వేళ భార్యాబిడ్డలూ వస్తారు. అనేక కుటుంబాలు లారీతో కలిసి దిగిన ఫొటో ఆ రోజుదే.

ఆరోగ్యం.. ఆందోళన

నడుంనొప్పి, మధుమేహం, రక్తపోటు, చూపు మందగించడం ఈ వృత్తిలో సాధారణం. గంటల తరబడి కూర్చోవడం, వేళ తప్పిన భోజనం, ఇంజను వేడి ఇందుకు దోహదం చేస్తాయి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్రం 2023లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. మంచి నిర్ణయమే. కానీ రోడ్డు మీదున్న పాత బండ్లకు అది వర్తించదు. అవి తుక్కుగా మారేదాకా వాటిలో పనిచేసేవారు మే నెల ఎండను భరించవలసిందే.

వీటికి తోడు ప్రమాద భయం. ఎవరి తప్పిదమైనా జనం ముందుగా పట్టుకునేది పెద్ద బండి డ్రైవరునే. ప్రమాదం చేసి పోలీసులకు గానీ, మేజిస్ట్రేటుకు గానీ తెలపకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలు శిక్ష విధించేలా భారతీయ న్యాయ సంహితలో 106(2) సెక్షను చేర్చడంపై 2024 జనవరి మొదట్లో దేశవ్యాప్తంగా డ్రైవర్లు ఆందోళనకు దిగారు. ఆ ఏడాది జులై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఈ ఒక్క నిబంధనను మాత్రం పక్కన పెట్టారు.

ఇంట్లో ఉండవలసిన కాగితాలు

అసలు ముప్పు మరోచోట ఉంది. భర్త ఏ బండి మీద వెళ్లాడో, దాని యజమాని ఎవరో, ఆ బండికి బీమా ఉందో లేదో తెలియని ఇళ్లు ఎన్నో. డ్రైవరు తరచూ బండ్లు మారుతుంటాడు. నియామక పత్రం ఉండదు, జీతం రసీదు ఉండదు. పరాయి రాష్ట్రంలో జరగరానిది జరిగితే ఆ కుటుంబం రుజువుల కోసం వెతుక్కోవడంతోనే కాలం గడిచిపోతుంది.

నిజానికి వారికి హక్కు ఉంది. విధి నిర్వహణలో మరణించిన డ్రైవరు కుటుంబానికి యజమాని పరిహారం చెల్లించాలని 1923 నాటి చట్టమే చెప్పింది. నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. లెక్కకు తీసుకునే వేతన పరిమితిని 2020 జనవరిలో రూ.15 వేలుగా నిర్ణయించారు. ఆ ప్రకారం 40 ఏళ్ల డ్రైవరు విషయంలో గుణకం 184.17 కనుక మొత్తం రూ.13,81,275 అవుతుంది. ఇప్పుడు ఆ చట్టం సామాజిక భద్రత స్మృతిలో కలిసినా లెక్క మూలసూత్రం అదే. పైగా ఇంటి నుంచి పనిస్థలానికి వెళ్లివచ్చే దారిలో జరిగే ప్రమాదాలను కూడా, పనితో వాటికి సంబంధం రుజువైతే, కొత్త స్మృతి పరిగణిస్తోంది. యజమాని తన జేబులో నుంచే ఇవ్వాలనీ లేదు. లారీకి తప్పనిసరిగా తీసుకునే బీమాలోనే జీతగాడైన డ్రైవరుకు సంబంధించిన ఈ బాధ్యత కలిసి ఉంటుంది.

ఢీకొంటేనే పరిహారం అన్న అపోహ ఒకటి ప్రచారంలో ఉంది. ఢిల్లీ నుంచి సరుకుతో బయలుదేరి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించిన ఒక డ్రైవరు ఒంట్లో నలతగా ఉందని బండి పక్కకు ఆపి, దారిలోనే కుప్పకూలి మరణించాడు. ప్రమాదమేమీ జరగలేదన్న బీమా సంస్థ వాదనను సుప్రీంకోర్టు 2012 డిసెంబరులో తోసిపుచ్చింది. అంత దూరం బండి నడిపిన శ్రమ ఆ మరణానికి కారణమైందని గుర్తించి పరిహారం ఇప్పించింది. గుండెపోటుతో క్యాబిన్‌లోనే కన్నుమూసే డ్రైవర్ల కుటుంబాలు తెలుసుకోవలసిన తీర్పు ఇది. ఘటన ఒడిశాలో జరిగినా దావాను కుటుంబం నివసించే ప్రాంతంలోనే వేసుకునే వీలును 1995 సవరణ కల్పించింది. పాత చట్టం దావాకు పెట్టిన గడువు రెండేళ్లు. కనుక కర్మకాండలు ముగిశాక తీరిగ్గా చూద్దామనుకుంటే నష్టపోయేది కుటుంబమే.

డ్రైవరు లైసెన్సు చెల్లుబాటులో లేకపోతే బీమా సంస్థ మొదట పట్టుకునేది ఆ లోపాన్నే. 2019 సవరణతో రవాణా వాహనాల లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. గడువు పెరిగిన కొద్దీ తేదీ మరచిపోవడమూ పెరుగుతోంది. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి రూ.20 ప్రీమియంతో ప్రమాద మరణానికి రూ.2 లక్షలు ఇచ్చే ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన 18 నుంచి 70 ఏళ్ల వారికి అందుబాటులో ఉంది. ఖాతాలో ఆ ఇరవై రూపాయలు లేక పాలసీ రద్దయితే ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. రాష్ట్రంలో 2019 నుంచి ఆటో, ట్యాక్సీ సొంతదారులైన డ్రైవర్లకు ఏటా ఆర్థిక సాయం చేసే పథకాలు వేర్వేరు పేర్లతో వచ్చాయి. ఊరిలో తిరిగే బండి కంటికి కనిపిస్తుంది కాబోలు, ఊరు దాటి వెళ్లే లారీ డ్రైవరు వాటిలో చేరలేదు.

బయలుదేరే ముందు డ్రైవరు చేయవలసింది స్వల్పమే. బండి నంబరు, ఆర్‌సీ, బీమా పాలసీ, తన లైసెన్సు, యజమాని ఫోను నంబరు, లోడు తాలూకు కాగితం ఫొటో తీసి ఇంటికి పంపాలి. అడ్వాన్సును, బత్తాను నగదుగా కాక ఖాతాలో వేయించుకుంటే వేతనానికి ఆ పద్దులే రుజువు. గోడ క్యాలెండరులో ఇల్లాలు రాసుకున్న తేదీలు, మొత్తాలు ఆ పద్దులతో సరిపోలితే ఆమె మాటకు బలం చేకూరుతుంది. కాబట్టి డిసెంబరు ముగిసిందని పాత క్యాలెండరును పారవేయకుండా కనీసం రెండేళ్లు దాచుకోవడం మంచిది.